నా టోటెమ్‌ని నేల మీద పెట్టనివ్వండి: వార్‌క్రాఫ్ట్ క్లాస్ డిజైనర్లకు బహిరంగ లేఖ

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో క్లాసులు (ఆటగాడు ఎంచుకునే పాత్రల రకాలు) తయారుచేసే డిజైనర్లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. 2010 నుంచి మీ ఆట ఆడుతున్నాను. మా దేశంలో మీ సర్వర్ లేదు కాబట్టి ఇక్కడివాళ్లలో కొందరు సిడ్నీలోని ఓషియానిక్ సర్వర్లకి వెళ్తారు, కొందరు యూరప్‌కి వెళ్తారు. నేను యూరప్ వైపు వెళ్లాను. అక్కడివాళ్ల రాత్రి 8 గంటల రైడ్, అంటే పెద్ద జట్టుగా బాస్‌ల మీదకి వెళ్లే యుద్ధం, నాకు వేసవిలో 11:30కి, చలికాలంలో 12:30కి మొదలవుతుంది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు. ఇంట్లోవాళ్లు పడుకున్నాక హెడ్‌సెట్ పెట్టుకుని, గొంతు తగ్గించుకుని, ఇన్నేళ్లు నిద్ర మానుకున్నది ఒక్క క్లాస్ కోసం. షామన్ కోసం: నేల మీద టోటెమ్‌లనే మంత్రపు గుంజలు పెట్టి జట్టుకి సాయపడే క్లాస్ అది.

ఆ క్లాస్ గురించే రాస్తున్నాను. కానీ నేను అడిగేది షామన్లకి మాత్రమే పనికొచ్చేది కాదు. మీ ఆటలో ఇప్పుడున్న 13 క్లాసుల్లో దేన్ని ప్రేమించినవాళ్లకైనా ఇది తగులుతుంది. క్లాసులు దేనికది వేరుగా ఉండాలా, లేక అందరూ అన్నీ చేయగలగాలా అన్న గొడవలో మీరు ఇరవై ఏళ్లకు పైగా అటూ ఇటూ ఊగుతున్నారు. ఆ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమని నేను అడగడం లేదు. ఏది పంచాలి, ఏది పంచకూడదు అన్న దగ్గర మీ లెక్క తారుమారైందని చెప్పడానికి రాస్తున్నాను.

2019 ఆగస్టులో మీరు క్లాసిక్, అంటే మొదటి రోజుల ఆటని మళ్లీ, విడుదల చేసినప్పటి సంగతి ఒకటి చెప్తాను. ఒనిక్సియా అనే డ్రాగన్ మీద రైడ్. 40 మందిమి, ఆటలోని రెండు పక్షాల్లో హోర్డ్ వైపు. నన్ను కత్తులవాళ్ల గ్రూప్‌లో వేశారు: ఇద్దరు వారియర్లు, ఇద్దరు రోగ్‌లు, నేను. ఆ రోజుల్లో టోటెమ్ ప్రభావం సొంత గ్రూప్‌లోని ఐదుగురికే అందేది, అదీ దగ్గర్లో ఉంటేనే. మూడో దశలో ఆ డ్రాగన్ కిందకి దిగి ఒక్క గర్జన చేస్తుంది. అందరూ భయంతో తలోదిక్కుకీ పరుగెత్తుతారు. పక్కనున్న గుహల్లోకి వెళ్తే గుడ్లు పగిలి పిల్లలు గుంపుగా మీద పడతాయి. నేల పగుళ్లలోంచి లావా చిమ్ముతుంది. దీనికి నా దగ్గరున్న మందు ట్రెమర్ టోటెమ్. కొన్ని సెకన్లకోసారి అదిరి, భయపడినవాళ్లని మళ్లీ స్పృహలోకి తెస్తుంది. కానీ దాన్ని గర్జన రాకముందే పెట్టాలి. వచ్చాక పెడదామంటే నేనూ పరుగెడుతుంటాను. దాని ప్రాణమంతా కలిపి 5 పాయింట్లు, ఎవరి దెబ్బ తగిలినా పోతుంది. ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, పోయిందా ఉందా చూసుకుంటూ ఉండాలి.

ఆ రాత్రి గర్జన వచ్చింది. నా చేతిలో ఏమీ లేదు, నా షామన్ తనంతట తనే పరుగెడుతోంది. ఒక సెకను, రెండు సెకన్లు. నా గ్రూప్‌లోని రోగ్ లావా పగులు అంచున ఆగి, వెనక్కి తిరిగి డ్రాగన్ మీదకి వెళ్లాడు. మిగతా ముగ్గురూ తిరిగొచ్చారు. పక్క గ్రూప్‌వాళ్లు ఇంకా గుహ వైపు వెళ్తూనే ఉన్నారు. హెడ్‌సెట్‌లో ఆ రోగ్ గొంతు వినపడింది: థాంక్స్ షామన్. నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి ఎవరెంత దెబ్బ తీశారో చూపే డ్యామేజ్ మీటర్‌లో నేను కింది నుంచి లెక్కపెడితే దొరికే చోట ఉన్నాను. ఆ బాధ నాకు ఒక్క క్షణం కూడా లేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అదే గర్జనకి అప్పట్లో అలయన్స్ వైపు వేరే జవాబు ఉండేది. వాళ్లకి షామన్లు లేరు, డ్వార్ఫ్ ప్రీస్ట్‌ల దగ్గర ఫియర్ వార్డ్ ఉండేది. రెండు వైపులా వారియర్‌కి బెర్సర్కర్ రేజ్ ఉండేది. చిక్కు ఒకటే, జవాబులు మూడు. ఒకరిది నేల మీద పెట్టాలి, ఒకరిది తోటివాడి మీద ముందుగా వేయాలి, ఒకరిది సొంతానికి వాడుకోవాలి. మూడు క్లాసులూ పనికొచ్చాయి, మూడూ వేటికవే వేరుగా ఉన్నాయి. మీరే చేశారు ఇది. ఇంత చక్కగా కుదిరిన పద్ధతి మీ చేతిలోనే ఉందని మీకు గుర్తుచేయాలనిపించింది.

ఇక రెండో వైపు. క్లాస్ ప్రత్యేకత వల్ల జనం ఎంత నష్టపోయారో నేను చూడలేదనుకోకండి. చూశాను, నా కళ్ల ముందే జరిగింది. బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణలో, జట్టు వేగం పెంచే బ్లడ్‌లస్ట్ షామన్ల సొత్తు. 40 సెకన్ల పాటు 30 శాతం వేగం, అదీ సొంత గ్రూప్‌కి మాత్రమే. 25 మంది రైడ్‌లో ఐదు గ్రూపులు కాబట్టి ఐదుగురు షామన్లుంటే బాగుండునని ప్రతి రైడ్ లీడర్‌కీ ఉండేది. 2021లో ఆ విస్తరణ క్లాసిక్‌గా మళ్లీ వచ్చినప్పుడు మా గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ల సంఘంలో, కరీంనగర్ తమ్ముడొకడు ఉండేవాడు. రోగ్. తాళాలు తీయడం, దొంగచాటుగా గోడల పక్కన నడవడం, వాడి సరదా అంతా అందులోనే. వాణ్ణి షామన్‌కి మారమన్నారు. వాడు నాతో అన్నమాట: "అన్నా, రోగ్ ఆడదామనే గదా నేనొచ్చింది. షామన్ ఆడుమంటే ఎట్ల?" జట్టు కోసం ఒప్పుకున్నాడు. కొత్త పాత్రని 70 దాకా పెంచాడు, రెండు నెలలు రైడ్‌కి వచ్చాడు, తర్వాత లాగిన్ కావడం మానేశాడు. నా క్లాస్‌కి గిరాకీ ఉన్నందుకు నేను సంతోషపడిన రోజులవి. ఆ సంతోషం వాడి ఖర్చుతో వచ్చింది.

అందుకే 2008లో రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ విస్తరణ సమయంలో మీ బృందం పట్టుకున్న మాట, క్లాస్‌ని కాదు ఆటగాణ్ణి తీసుకురండి అన్న ఆ మాట, తప్పని నేను అనను. అప్పుడు మీ డిజైనర్ గ్రెగ్ స్ట్రీట్ ఆ విషయం మీద ఆటగాళ్లతో ఎంత ఓపిగ్గా వాదించేవారో చాలామందికి గుర్తే. బ్లడ్‌లస్ట్ రైడ్ మొత్తానికి అందేలా చేశారు. ఒకే రకం బఫ్‌ని (జట్టు బలం పెంచే మంత్రాన్ని) ఇద్దరు ముగ్గురు క్లాసులకి ఇచ్చారు. 2009 ఏప్రిల్‌లో 1000 గోల్డ్ కడితే రెండు స్పెక్‌ల (ఒకే క్లాస్‌లోని వేర్వేరు ఆట పద్ధతుల) మధ్య మారే వీలు వచ్చింది. అంతకుముందు టాలెంట్లు మార్చుకున్న ప్రతిసారీ ట్రైనర్‌కి కప్పం కట్టాల్సి వచ్చేది, అది పెరుగుతూ పెరుగుతూ 50 గోల్డ్ దాకా పోయేది. స్పెక్ మార్పు ఈరోజు ఉచితం. ఉద్యోగం చేసుకుంటూ వారానికి రెండు రాత్రులు ఆడేవాడికి అది ఎంత మేలో నేను చెప్పగలను. దాన్ని ముట్టుకోవద్దు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. 2010లో కెటక్లిజమ్‌తో మేజ్‌కి బ్లడ్‌లస్ట్ లాంటిదే టైమ్ వార్ప్ ఇచ్చారు, హంటర్ల కోర్ హౌండ్‌కీ అదే శక్తి ఇచ్చారు. 2022లో కొత్త క్లాస్ ఇవోకర్‌కీ వచ్చింది. అందులో నాకు అభ్యంతరం లేదు, అది ఎవరో ఒకరి దగ్గర ఉండక తప్పని అంకె. కానీ 2012లో మిస్ట్స్ ఆఫ్ పాండేరియా విస్తరణతో మా టోటెమ్‌లలో చాలా వాటిని పీకేశారు. బలం పెంచేది, వేగం పెంచేది, అవన్నీ మేము పక్కన నిలబడితే చాలు వచ్చే ప్రభావాలైపోయాయి. అప్పటిదాకా నాలుగు టోటెమ్‌లు, నాలుగు భూతాలు: నేల, నిప్పు, నీరు, గాలి. బాస్ కదిలితే మేమూ కదిలి మళ్లీ పెట్టేవాళ్లం. కొందరికి అది విసుగు. ఆ విసుగుని తగ్గించమని అడిగినవాళ్ల మాట విన్నారు. దానితో పాటు పనిని కూడా తీసేశారు.

విండ్‌ఫ్యూరీ టోటెమ్ కథ చెప్తే నా బాధ మీకు సరిగ్గా అర్థమవుతుంది. బర్నింగ్ క్రూసేడ్‌లో ఒకసారికి ఒకే గాలి టోటెమ్ నిలుస్తుంది. విండ్‌ఫ్యూరీ పెడితే అదనపు దెబ్బ కొట్టించే దాని ప్రభావం ఆయుధం మీద 10 సెకన్ల వరకు ఉంటుంది. అది గమనించిన షామన్లు ఏం చేశారంటే, విండ్‌ఫ్యూరీ పెట్టి, వెంటనే దాన్ని తీసేసి చురుకుదనం పెంచే గ్రేస్ ఆఫ్ ఎయిర్ పెట్టి, పది సెకన్లు గడిచేలోపు మళ్లీ విండ్‌ఫ్యూరీ. ఒక గ్రూప్‌కి రెండు లాభాలు. యుద్ధం ఆరు నిమిషాలు నడిస్తే ఆరు నిమిషాలూ ఇదే. మీరు నేర్పింది కాదు, ఆటగాళ్లు కనిపెట్టింది. నేను దాన్ని నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. వేళ్లకి అలవాటయ్యాక, నా ముందున్న వారియర్ గొడ్డలి రెండేసి మూడేసి సార్లు పడుతుంటే ఆ దెబ్బల్లో నా చెయ్యి ఉందని నాకు తెలిసేది. వాడికీ తెలిసేది.

తర్వాతి విస్తరణల్లో ఆ టోటెమ్ తిరిగొచ్చింది, కాస్త సులువైన రూపంలో. 2024లో ది వార్ వితిన్‌తో దాన్ని తీసేసి స్కైఫ్యూరీ ఇచ్చారు. అందరికీ మాస్టరీ అనే బలం 2 శాతం ఎక్కువ, మామూలు దెబ్బ మరోసారి తగిలే అవకాశం. ఒకసారి వేస్తే గంటసేపు ఉంటుంది. రైడ్ మొదట్లో ఒక బటన్ నొక్కుతాను, అంతే. కాగితం మీద చూస్తే షామన్‌కి ఇప్పుడు సొంత రైడ్ బఫ్ ఉంది, అంటే ప్రత్యేకత పెరిగింది. నా చేతిలో చూస్తే, నేను చేసే పని పోయి, నన్ను పిలవడానికి ఒక కారణం మాత్రం మిగిలింది. నా కుర్చీలో స్కైఫ్యూరీ వేసే మరెవరు కూర్చున్నా ఆ 2 శాతం అంతే వస్తుంది.

మీరు ప్రత్యేకతని వెనక్కి తెచ్చిన ప్రతిసారీ దాన్ని శాతాల్లోనే తెచ్చారు. 2018లో క్లాసులకి గుర్తింపు కావాలంటూ మేజ్‌కి ఆర్కేన్ ఇంటెలెక్ట్, వారియర్‌కి బ్యాటిల్ షౌట్, ప్రీస్ట్‌కి ఫోర్టిట్యూడ్ తిరిగి ఇచ్చారు, ఒక్కోటి 10 శాతం. తర్వాత తగ్గించారు. అప్పట్లో డీమన్ హంటర్ ఉంటే శత్రువుకి మాయ దెబ్బ 5 శాతం ఎక్కువ, మాంక్ ఉంటే ఆయుధం దెబ్బ 5 శాతం ఎక్కువ. 2022లో డ్రూయిడ్‌కి మార్క్ ఆఫ్ ది వైల్డ్ తిరిగొచ్చింది, 3 శాతం. ఇవేవీ ఆడేవాడి చేతికి తెలియవు. మేజ్ అన్నవాడు ఇంటెలెక్ట్ వేసినందుకు మేజ్ అనిపించుకోడు. పోర్టల్ తెరిచి 20 మందిని ఊరికి చేర్చినప్పుడు, గొర్రెగా మార్చి ఒక శత్రువుని పక్కన పెట్టినప్పుడు మేజ్ అనిపించుకుంటాడు.

ఇలాంటి శాతాలు తలుపు దగ్గరే పనిచేస్తాయి. నిన్నగాక మొన్న జరిగింది చెప్తాను. మిథిక్ కీ, అంటే ఐదుగురు కలిసి ఆడే కఠినమైన గుహల, గ్రూప్‌ల కోసం ఒక శనివారం రాత్రి వరసగా దరఖాస్తు పెట్టాను. నా రేటింగ్ సరిపోతుంది, ఆ గుహ నాకు కంఠతా వచ్చు. పదకొండు గ్రూపులు కాదన్నాయి. ఒక లీడర్ మాత్రం మర్యాదగా మెసేజ్ పెట్టాడు: లస్ట్ (బ్లడ్‌లస్ట్) ఉంది బ్రో, ఇంకో బఫ్ కావాలి. ఆయన తప్పేం లేదు. ఐదుగురిలో ఒక్క చోటు ఖాళీ ఉంటే ఎక్కువ శాతం తెచ్చేవాణ్ణి తీసుకోవడం ఎవరైనా చేసే పనే. కానీ రాత్రి ఒంటిగంట దాకా ఆ కిటికీ ముందు కూర్చుని, చివరికి ఏమీ ఆడకుండా సిస్టమ్ ఆపేసి పడుకున్నాను. 2023లో ఆగ్మెంటేషన్ ఇవోకర్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఇతరుల బలం పెంచే స్పెక్ అన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ పైస్థాయి కీల్లో అది లేని గ్రూప్ దొరకడం కష్టమైపోయింది, దాన్ని ఇష్టంతో ఆడినవాళ్లూ తిట్లు తిన్నారు.

పూర్తిగా అందరికీ అన్నీ ఇచ్చేస్తే ఈ గొడవ పోతుందా అంటే, పోదు. గిల్డ్ వార్స్ 2 అనే మరో ఆట అదే నమ్మకంతో 2012లో వచ్చింది. ట్యాంక్ (దెబ్బలు కాసేవాడు), హీలర్ (నయం చేసేవాడు), డీపీఎస్ (దెబ్బ కొట్టేవాడు) అన్న మూడు ముక్కలాట వద్దన్నారు, ఏ ప్రొఫెషన్ (అక్కడ క్లాస్‌కి పేరు) అయినా ఏదైనా చేయగలదన్నారు. మూడేళ్లలో రైడ్‌లు వచ్చాయి, క్విక్‌నెస్, అలాక్రిటీ అనే రెండు బూన్‌లు (అక్కడి బఫ్‌లు) ఇచ్చే క్రోనోమాన్సర్ లేనిదే జట్టు కదలని రోజులొచ్చాయి. 2022లో వాటిని చాలామందికి పంచారు. ఇప్పుడు మనిషి ఏ ప్రొఫెషనో ఎవరూ అడగరు, క్విక్ ఇస్తావా అలాక్ ఇస్తావా అని అడుగుతారు. ఫైనల్ ఫాంటసీ 14లో ఒకే పాత్రతో అన్ని జాబ్‌లూ (అక్కడి క్లాసులూ) ఆడొచ్చు, అది నాకెంతో నచ్చిన సౌకర్యం. కానీ 2021 తర్వాత చాలా జాబ్‌ల బలమంతా ప్రతి రెండు నిమిషాలకీ ఒకేసారి విప్పేలా సర్దారు. బట్టలు వేరు, వెలుగులు వేరు, తాళం మాత్రం అందరిదీ ఒకటే అయిపోయింది. ఆ ఆట డైరెక్టరే జాబ్‌ల విడి స్వభావం మీద ముందు ముందు పనిచేస్తామని చెప్పాల్సి వచ్చింది.

కరీంనగర్ తమ్ముడు దీనికి ఒప్పుకునేవాడు కాదు. కాలేజీలో కబడ్డీ ఆడినవాడు, లెఫ్ట్ కార్నర్. "కబడ్డీల ఏడుగురిల ఎవలైనా రైడ్‌కు పోవచ్చు గదన్నా, అక్కడ క్లాసులెక్కడున్నయి?" అనేవాడు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చివరికి తట్టింది ఏమిటంటే, అక్కడ ఒళ్లే క్లాస్. పొట్టిగా గట్టిగా ఉన్నవాడు చీలమండ పట్టుకుంటాడు, పొడుగు చేతులవాడు బోనస్ గీత దాకా పోయి వస్తాడు. రూల్ అందరికీ ఒకటే అయినా ఎవడి ఆట వాడి ఒంట్లోంచి వస్తుంది. మీ ఆటలో మాకు ఆ ఒళ్లు లేదు. నేను లావైనా సన్నమైనా, ఆటలోని నా టారెన్ పాత్రకి తేడా పడదు. దాని ఒళ్లు మీరు రాసేది. మీరు రాసిన ఒళ్లన్నీ ఒకేలా కదిలితే మాకు తేడా చూపించుకునే దారి ఇంకొకటి లేదు.

దారి ఎటో కూడా మీరే ఒకసారి చూపించారు. 2023 నవంబర్ 30న మొదలైన, క్లాసిక్‌కి ప్రయోగ రూపమైన సీజన్ ఆఫ్ డిస్కవరీలో మేజ్ హీలర్ అయ్యాడు, వార్లాక్ ట్యాంక్ అయ్యాడు. వినగానే ఇక అందరూ ఒకటే అయిపోతారని భయపడ్డాను. ఆడితే వేరుగా ఉంది. మేజ్ ప్రీస్ట్‌లా దీవించి నయం చేయడు, కాలాన్ని వెనక్కి తిప్పి నయం చేస్తాడు. వార్లాక్ కవచం తొడుక్కోడు, తనే రాక్షసుడై ముందు నిలబడతాడు. నేను షామన్ ట్యాంక్‌గా ఆడాను. ఒక చేతిలో డాలు, రెండో చేతిలోని ఆయుధం మీద రాక్‌బైటర్, ఎర్త్ షాక్ కొడితే శత్రువు నా వైపు తిరుగుతాడు. మొదటిసారి ఒక బాస్ అలా తిరిగి నా మీదకి వచ్చినప్పుడు, పదమూడేళ్ల కిందట కొత్తగా చేరిన పిల్లాడిలా కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. అదే ట్యాంక్ పని, అయినా నేను వారియర్‌ని అనిపించలేదు. పాత్ర అందరిదీ, పద్ధతి ఎవరిది వారిది.

కాబట్టి నా విన్నపాలు చెప్తాను. రైడ్ బఫ్ శాతాలని కనీసం ఐదుగురి గుహల్లోనైనా అందరికీ అందుబాటులో పెట్టండి. 2018లో ఆటలో ఇన్‌స్క్రిప్షన్ అనే రాతపని చేసేవాళ్లు వార్ స్క్రోల్‌లు రాసేవాళ్లు, క్లాస్ లేకపోయినా 10 శాతానికి బదులు 7 శాతం వచ్చేది. అలాంటిదే, ఈసారి పూర్తి విలువతో తీసుకురండి. అప్పుడు మమ్మల్ని మా శాతం చూసి పిలవడం, మానేయడం తగ్గుతుంది. ఆ తర్వాత చేతలని తిరిగి ఇవ్వండి. వార్లాక్ జట్టుని దాటించే గేట్‌వే, రోగ్ అందరినీ కప్పి నడిపించే ఆ ముసుగు, డెత్ నైట్ దూరం నుంచి లాగే పట్టు, ప్రీస్ట్ కిందపడబోయేవాణ్ణి తన దగ్గరికి లాక్కోవడం: ఇవి ఎవరివి వాళ్లకే ఉండాలి, ఇంకొకరికి పంచొద్దు. బాస్‌లని రాసేటప్పుడు ఒనిక్సియా గర్జనలా రాయండి, ఏ ఒక్క క్లాస్ లేకపోయినా దాటగలిగేలా, ఉన్న క్లాస్ ఏదైనా తన పద్ధతిలో సాయపడేలా. ఇది కష్టమని తెలుసు. 13 క్లాసులకి అలా రాయడం ఒక శాతం పట్టిక రాయడం కన్నా చాలా ఎక్కువ పని. ఆ పని కోసమే కదా మేము నెలనెలా డబ్బు కడుతున్నది.

విసుగు గురించి కూడా ఒకమాట. పాత పాలడిన్లు ఐదు నిమిషాలకోసారి 40 మందికీ బ్లెస్సింగ్‌లు వేసుకుంటూ కూర్చున్న రోజుల్ని ఎవరూ తిరిగి కోరుకోవడం లేదు. నేనూ కోరడం లేదు. యుద్ధం లోపల, అప్పటికప్పుడు చూసి నిర్ణయించుకునే పనినే నేను అడుగుతున్నాను.

తమ్ముడితో పోయిన ఆదివారం ఫోన్‌లో మాట్లాడాను. మళ్లీ మొదలుపెడదామా అని అడిగితే, రోగ్‌తోనైతే వస్తానన్నాడు. వాడు రోగ్‌గా వస్తే వద్దనని గ్రూప్, నేను టోటెమ్ పెట్టగలిగే గ్రూప్, రెండూ ఒకటే కావాలి. విండ్‌ఫ్యూరీ టోటెమ్‌ని నాకు తిరిగి ఇవ్వండి. గంటసేపు ఉండేది వద్దు. నేల మీద పెట్టేది, ఒక్క దెబ్బకి పోయేది, జట్టు కదిలితే నేను కూడా కదిలి మళ్లీ పెట్టాల్సినది కావాలి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి,
2010 నాటి ఒక టారెన్ షామన్